అయస్కాంతం సిగరెట్ మాన్పిస్తుందా?

గత నెలలో ఒక సోమవారం. ఓపీ చీటీల వరస వరండా దాటి మెట్ల దాకా వచ్చింది. రిటైరైన హెడ్‌మాస్టారు ఒకరు, ఆయన వెంట హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు వచ్చారు. మాస్టారికి అరవై రెండేళ్లు. మెట్లెక్కితే మధ్యలో ఒకసారి ఆగాలి. పొద్దున లేస్తూనే దగ్గు, కళ్లె. ముప్పై ఐదేళ్లుగా రోజుకో పెట్టె సిగరెట్లు. ఆయనకు ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చూపిస్తుండగా కొడుకు తన ఫోను నా ముందు పెట్టాడు. ఏదో ప్రకటన. కుర్చీలో కూర్చున్న మనిషి తలకు హెల్మెట్ లాంటిది తగిలించి ఉంది.

‘‘డాక్టర్ గారూ, మెదడుకు అయస్కాంతం పెట్టి సిగరెట్ మాన్పిస్తారట. అమెరికాలో ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఉందట. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. నాన్నగారిని తీసుకెళ్లమంటారా?’’

‘‘చూశారా, నా బుర్రకి కరెంటు పెట్టిస్తానంటున్నాడు’’ అని మాస్టారు నవ్వబోయి, దగ్గు తెర రావడంతో ఆగిపోయారు.

ఒక్కో సిట్టింగ్‌కు వాళ్లు చెప్పిన ధరను 18తో గుణిస్తే మాస్టారి మూడు నెలల పెన్షన్ దాటింది. రానుపోను ఖర్చులు, అక్కడ ఉండటానికయ్యేది వేరే.

ఈ మధ్య నన్ను ఇదే ప్రశ్న అడిగిన కుటుంబాల్లో ఇది నాలుగోది. ఓపీలో ఒక్కొక్కరికి ఇవ్వగలిగే నాలుగైదు నిమిషాల్లో దీనికి జవాబు పట్టదు. ఆ ప్రకటన పచ్చి అబద్ధమైతే ‘వద్దు’ అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తల మీద కాయిల్.. లోపల కరెంటు

ఈ చికిత్స పేరు ట్రాన్స్‌క్రేనియల్ మ్యాగ్నెటిక్ స్టిమ్యులేషన్. పొట్టిగా టీఎంఎస్. కపాలం తెరవకుండా, మత్తు ఇవ్వకుండా, బయటి నుంచే మెదడును ప్రేరేపించే పద్ధతి ఇది. మీ వంటింట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. స్టవ్‌లో ఉన్న తీగచుట్ట మంట పుట్టించదు. క్షణక్షణానికీ మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ మార్పు వల్ల పైన పెట్టిన గిన్నె అడుగులో కరెంటు పుడుతుంది. టీఎంఎస్‌లో తల మీద ఆనించే కాయిల్ చేసేదీ అదే. కపాలపు ఎముక అయస్కాంత క్షేత్రానికి అడ్డు రాదు. లోపలున్న నాడీకణాల్లో కొద్దిపాటి కరెంటు పుట్టి అవి స్పందిస్తాయి. మెదడు కూడా గిన్నెలా వేడెక్కుతుందేమోనని కంగారు పడకండి. ఒక్కో ప్రేరణ ఉండేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపే.

1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు దీన్ని మనిషి మీద చేసి చూపించారు. తలపై ఒక చోట కాయిల్ పెడితే అవతలి వైపు చెయ్యి దానంతటదే కదిలింది. ఇవాళ్టికీ చికిత్స మోతాదును తేల్చేది ఆ కదలికే. ఎంత తీవ్రత దగ్గర మీ చెయ్యి కదులుతుందో ముందు చూస్తారు. దాన్నిబట్టి మీకు ఎంత ఇవ్వాలో లెక్క కడతారు.

అమెరికా ఎఫ్‌డీఏ 2008లో దీన్ని మందులకు లొంగని డిప్రెషన్‌కు అనుమతించింది. 2018లో, చేతులు పదే పదే కడుక్కోవడం లాంటి లక్షణాలుండే ఓసీడీకి అనుమతించింది. 2020 ఆగస్టులో సిగరెట్ మానడానికి తోడ్పడే చికిత్సగా ఒక ప్రత్యేకమైన కాయిల్‌కు పచ్చజెండా ఊపింది. మీరు ఫోన్‌లో చూస్తున్న ప్రకటనల మూలం ఈ మూడో అనుమతి.

ఇక్కడ రెండు అనుమానాలు తీర్చాలి. ఇది పాత సినిమాల్లో చూపించే షాక్ ట్రీట్‌మెంట్ కాదు. అందులో మత్తు ఇచ్చి, మూర్ఛ వచ్చేలా చేస్తారు. ఇందులో మనిషి మెలకువగా కుర్చీలో కూర్చుని ఉంటాడు. చెవుల్లో ప్లగ్‌లు పెడతారు, చప్పుడు గట్టిగా ఉంటుంది కాబట్టి. అయ్యాక లేచి తన దారిన తాను వెళ్లిపోవచ్చు. రెండో అనుమానం, ‘అయస్కాంతమే కదా, ఎగ్జిబిషన్‌లో అమ్మే అయస్కాంతపు కంకణం పెట్టుకుంటే పోలే?’ అని. పోదు. ఆ కంకణంలో క్షేత్రం మారదు. మారని క్షేత్రం మెదడులో కరెంటు పుట్టించదు. గిన్నెను ఫ్రిజ్ తలుపుకుండే అయస్కాంతం మీద పెట్టి పాలు కాచుకోగలమా?

యావ పుట్టే చోటు

సిగరెట్ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమైన్ విడుదలై కాస్త హాయి అనిపిస్తుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. ఇంకొకటి వెలిగించమని మెదడు గొడవ మొదలుపెడుతుంది. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. ‘మనసు గట్టిగా ఉంటే మానొచ్చు’ అనే ఇంట్లోవాళ్లకు తెలియనిది ఇంకొకటుంది.

మానడానికి ప్రయత్నించిన వాళ్లను ‘ఎలా అనిపిస్తోంది’ అని అడిగి చూడండి. ‘గొంతులో ఏదో గుంజుతున్నట్టుంది’, ‘ఛాతీ ఖాళీగా ఉంది’, ‘చెయ్యి లాగుతోంది’ అంటారు. మనసు సంగతి చెప్పమంటే ఒంటి సంగతి చెబుతారు. అది వాళ్ల నెపం కాదు. ఆకలి, దప్పిక, గుండెదడ, ఊపిరి లాంటి లోపలి కబుర్లను మెదడుకు అందించే భాగం ఒకటి ఉంది. పేరు ఇన్సులా. మెదడు పక్క భాగంలో, మడతల లోపల దాగి ఉంటుంది.

2007లో ‘సైన్స్’ పత్రికలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక విచిత్రమైన పరిశీలన ప్రచురించారు. రోజుకు 40కి పైగా సిగరెట్లు కాల్చే ఒక మనిషికి 28 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చింది. దెబ్బ తిన్నది ఇన్సులా. అంతే, సిగరెట్ సంగతే మరిచిపోయాడు. పట్టుదలతో మానింది కాదు. కాల్చాలన్న తలపే ఒంట్లో లేకుండా పోయింది. అలా ఇన్సులా దెబ్బతిన్న 19 మందిని వాళ్లు పరిశీలిస్తే 13 మంది మానేశారు. ఆ 13 మందిలో 12 మంది ఏ అవస్థా పడకుండా, ఉన్నపళంగా, మళ్లీ తిరిగి చూడకుండా మానారు.

సిగరెట్ మానడానికి ఎవరికీ పక్షవాతం తెప్పించలేం. ఆ భాగాన్ని బయటి నుంచి కదిలిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న నుంచి పుట్టిందే 2020లో అనుమతి పొందిన చికిత్స. మామూలు టీఎంఎస్ కాయిల్ ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. దాని ప్రభావం మెదడు పైపొర దగ్గరే, సుమారు రెండు సెంటీమీటర్ల లోతులో ఆగిపోతుంది. ఇన్సులా అంతకన్నా లోపల. అందుకని హెల్మెట్ లోపల అమరే ‘హెచ్4’ అనే కాయిల్‌ను తయారుచేశారు. ఇది రెండు వైపులా నుదుటి వెనక భాగాన్నీ, ఇన్సులానూ కలిపి ప్రేరేపిస్తుంది. కలిపి అంటున్నాను, గమనించండి. పనిచేసింది పైపొరా, ఇన్సులానా అన్నది ఈ చికిత్స ఫలితాలను బట్టి విడదీసి చెప్పలేం.

262 మంది కథ

2021లో ‘వరల్డ్ సైకియాట్రీ’ పత్రికలో వచ్చిన అధ్యయనమే ఈ అనుమతికి ఆధారం. అమెరికా, ఇజ్రాయెల్‌లలో 14 చోట్ల 262 మందిని తీసుకున్నారు. అందరూ రోజుకు కనీసం పది సిగరెట్లు కాల్చేవాళ్లు. సగటున పాతికేళ్లకు పైబడిన అలవాటు. కనీసం ఒకసారి మానబోయి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు. వీళ్లలో 123 మందికి అసలు చికిత్స, 139 మందికి ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. ఉత్తుత్తి అంటే హెల్మెట్ పెడతారు, టకటక చప్పుడూ వస్తుంది, మెదడుకు మాత్రం ప్రేరణ చేరదు. ఎవరికి ఏది ఇస్తున్నారో వాళ్లకూ తెలియదు, మెషిన్ నడిపేవారికీ తెలియదు.

మొదటి మూడు వారాలు వారానికి ఐదు రోజులు, తర్వాతి మూడు వారాలు వారానికి ఒక్కసారి. మొత్తం 18 సిట్టింగ్‌లు. ఒక్కో సిట్టింగ్‌లో మూడు సెకన్లు ప్రేరణ, పదిహేను సెకన్లు విరామం చొప్పున 60 సార్లు. అంటే 18 నిమిషాలు.

ప్రకటనల్లో కనిపించని విషయం ఒకటుంది. ప్రతి సిట్టింగ్‌కు ముందు వాళ్లకు సిగరెట్ మీద యావ పుట్టించేవాళ్లు. సిగరెట్ తాగే బొమ్మలు చూపించేవాళ్లు, చేతికి సిగరెట్, లైటర్ ఇచ్చేవాళ్లు, కాలుస్తున్నట్టు ఊహించుకోమనేవాళ్లు. యావ పుట్టి, దానికి సంబంధించిన నాడీ మార్గాలు మేలుకుని ఉన్నప్పుడు వాటిని కదిలించాలన్నది ఆలోచన. చివర్లో కాసేపు కూర్చోబెట్టి మానడం గురించి మాట్లాడేవాళ్లు కూడా. ఇవన్నీ కలిపితేనే ఆ చికిత్స. హెల్మెట్ ఒక్కటే కాదు.

ఇక ఫలితం. అసలు చికిత్స తీసుకున్నవాళ్లలో 19.4 శాతం మంది మానారు. ఉత్తుత్తి చికిత్స తీసుకున్నవాళ్లలో 8.7 శాతం మంది మానారు. రెట్టింపుకు మించి. యాదృచ్ఛికంగా వచ్చిన తేడా అనలేం. మీ వీధిలో రోజూ సిగరెట్ కాల్చే వంద మందిని కూర్చోబెట్టామనుకోండి. ఉత్తుత్తి మెషిన్ పెట్టినా దాదాపు తొమ్మిది మంది మానతారు. రోజూ రావడం, ఎవరో పట్టించుకోవడం, మానతామన్న ఆశ, ఇవే వాళ్లను మాన్పించాయి. అసలు మెషిన్ పెడితే పంతొమ్మిది మంది. మెషిన్ వల్ల అదనంగా వచ్చింది పది మంది. మిగతా ఎనభై మంది ఆసుపత్రి మెట్లు దిగి మళ్లీ పాన్‌డబ్బా దగ్గరే ఆగుతారు.

బ్రోషర్లలో మీకు 28 శాతం అనే అంకె కూడా కనిపించవచ్చు. అదీ నిజమే. మధ్యలో మానేసిన వాళ్లను పక్కన పెట్టి, పూర్తిచేసిన 169 మందినే లెక్కిస్తే వచ్చే అంకె అది. ఆ లెక్కలో ఉత్తుత్తి వాళ్లది 11.7 శాతం. డబ్బు కట్టే కుటుంబానికి పనికొచ్చేది మాత్రం 19.4. ఎందుకంటే మధ్యలో మానేసేవాళ్లలో మీ నాన్నగారు కూడా ఉండొచ్చు. మూడు వారాలపాటు వారానికి ఐదు రోజులు ప్రయాణం చేసి వచ్చే అరవై ఏళ్ల మనిషి ఎన్నో సిట్టింగ్ దగ్గర ‘ఇక చాల్లేరా’ అంటాడో మీకే బాగా తెలుసు.

‘మానారు’ అనే మాటకు ఆ అధ్యయనంలో అర్థం ఏమిటో కూడా చూడాలి. 18 వారాల్లో ఎప్పుడైనా సరే, వరసగా నాలుగు వారాలు ఒక్క సిగరెట్ కూడా ముట్టకపోతే మానినట్టు. డైరీ రాయించి, మూత్రంలో నికోటిన్ ఆనవాలు చూసి నిర్ధారించారు. అది నిజాయితీగా చేసిన పనే. కానీ మీ ఇంట్లో ‘మానడం’ అంటే జన్మలో ముట్టకపోవడం కదా. నాలుగు వారాలు మాని, కూతురి పెళ్లి పనుల్లో మళ్లీ వెలిగించినవాళ్లు నాకు డజన్ల మంది తెలుసు. ఎఫ్‌డీఏ కూడా దీన్ని స్వల్పకాలంలో సిగరెట్ మానడానికి సాయంగానే అనుమతించింది.

ఇంకో సంగతి. ఈ అధ్యయనానికి డబ్బు పెట్టింది ఆ మెషిన్ తయారుచేసే బ్రెయిన్స్‌వే కంపెనీయే. ప్రధాన పరిశోధకుడికి ఆ కాయిల్ రూపకల్పనలో భాగం, కంపెనీలో ఆర్థిక ప్రయోజనం ఉన్నాయి. వైద్య పరిశోధనల్లో ఇది కొత్త కాదు, మందుల కంపెనీలు చేసేదీ ఇదే. దాచిపెట్టనూ లేదు. అలాగని కొట్టిపారేయడానికి లేదు గానీ, వేరేవాళ్లు ఇంకోచోట చేసి ఇదే ఫలితం చూపిస్తే నా నమ్మకం పెరుగుతుంది.

2022లో ‘అడిక్షన్’ పత్రికలో ఈ రకం చికిత్సల మీద వచ్చిన ఏడు అధ్యయనాలను, మొత్తం 699 మందిని కలిపి లెక్క వేశారు. మూడు నుంచి ఆరు నెలల దాకా మాని ఉండే అవకాశం 2.39 రెట్లు ఎక్కువని తేలింది. వినడానికి బాగుంది. అయితే ఆ అంకె చుట్టూ ఉన్న అనిశ్చితి 1.26 నుంచి 4.55 దాకా ఉంది. అంటే అసలు లాభం పాతిక శాతమే కావచ్చు, నాలుగున్నర రెట్లూ కావచ్చు. నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్‌ల లాంటి వాటి మీద అరవై వేల మందికి పైగా పాల్గొన్న లెక్కలు మన దగ్గర ఉన్నాయి. ఇక్కడ ఉన్నది ఏడు వందల మంది. దారి సరైనదే అనిపిస్తోంది. రోడ్డు ఇంకా పడలేదు.

మందులు ఏం చేస్తున్నాయి?

2016లో ‘లాన్సెట్’లో వచ్చిన ఈగల్స్ అధ్యయనంలో 8 వేల మందికి పైగా పాల్గొన్నారు. వారెనిక్లిన్ అనే మాత్ర వేసుకున్నవాళ్లలో 9వ వారం నుంచి 24వ వారం దాకా మాని ఉన్నవాళ్లు 21.8 శాతం. బ్యుప్రోపియాన్‌తో 16.2, నికోటిన్ ప్యాచ్‌తో 15.7. ఉత్తుత్తి మాత్రతో 9.4 శాతం. రెండు వేర్వేరు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి పోటీ పెట్టకూడదని మాకు చదువులోనే చెబుతారు. మనుషులు వేరు, కొలతలు వేరు. ఇక్కడ కొలిచింది పదహారు వారాల పాటు మానడాన్ని, అక్కడ కొలిచింది నాలుగు వారాలు మానడాన్ని. అయినా ఒక ఇంటి పెద్దగా మీరు పోల్చకుండా ఉండలేరు, నేనూ ఉండలేను. ఇంట్లో కూర్చుని పన్నెండు వారాలు వేసుకునే మాత్ర ఇచ్చే ఫలితం, మెషిన్ ఇచ్చే ఫలితం కన్నా తీసికట్టుగా లేదు.

2024 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు మానేవారి చికిత్సకు తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. సిఫారసు చేసిన మందులు నాలుగు రకాలు: వారెనిక్లిన్, నికోటిన్ గమ్, ప్యాచ్‌ల లాంటివి, బ్యుప్రోపియాన్, సిటిసిన్. వాటితోపాటు డాక్టర్ సలహా, కౌన్సెలింగ్, క్విట్‌లైన్, ఫోన్ సందేశాలు. మెదడు ప్రేరణ ఆ సిఫారసుల్లో లేదు. మన దేశంలో 2022 అత్యవసర మందుల జాతీయ జాబితాలో నికోటిన్ గమ్ లాంటివి చేర్చారు.

మరి ఇవి ఉన్నా జనం ఎందుకు మానలేకపోతున్నారు? 2016-17 గ్యాట్స్ సర్వే చెప్పిన లెక్క చూడండి. దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం, అంటే దాదాపు 26.7 కోట్ల మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం. పొగ తాగేవాళ్లలో సగానికి పైగా మానాలనే ఆలోచనతోనే ఉన్నారు. అంతకు ముందు ఏడాదిలో డాక్టర్ దగ్గరకు వెళ్లిన పొగరాయుళ్లలో ‘మానండి’ అన్న సలహా విన్నది 48.8 శాతమే. మిగతా సగం మందికి మేం ఆ ఒక్క మాట కూడా చెప్పలేదు. మందు సంగతి దేవుడెరుగు. ఓపీలో రద్దీ ఉందన్నది నిజమే. ఆ రద్దీలో బీపీ చూడటం మానం కదా.

అమెరికా అధ్యయనంలో ఉన్నది సిగరెట్లు కాల్చేవాళ్లు. మన దగ్గర సిగరెట్ కన్నా బీడీ ఎక్కువ. పొగ లేని ఖైనీ, గుట్కా అంతకన్నా ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవాళ్లు చుట్టను వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అంగిలి మీద క్యాన్సర్‌తో వచ్చే ఆ అవ్వలకు ఈ హెల్మెట్ ఏమైనా చేస్తుందా? వాళ్ల మీద ఎవరూ పరీక్షించి చూడలేదు.

చూయింగ్ గమ్‌ను చూయింగ్ గమ్‌లా నమలకండి

మాస్టారి దగ్గరకు వద్దాం. ‘ఇదివరకు ఏమైనా వాడారా?’ అని అడిగితే, నికోటిన్ గమ్ కొన్నానని, రెండు రోజులు నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట వచ్చాయని, పారేశానని చెప్పారు. ఎలా నమిలారని అడిగాను. ‘ఎలా అంటే.. నమిలాను’ అన్నారు.

వందలో తొంభై మంది చేసే పొరపాటు అది. నికోటిన్ గమ్ కడుపులోకి వెళ్తే పనిచేయదు, బుగ్గ లోపలి పొర నుంచి రక్తంలోకి ఇంకాలి. మెల్లగా నాలుగైదు సార్లు కొరికితే నోట్లో కాస్త ఘాటు, చురచుర తగులుతుంది. అప్పుడు నమలడం ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ రెండుమూడు సార్లు కొరికి, ఇంకో వైపు పెట్టుకోవాలి. అలా అరగంట. కాఫీ, పుల్లటి పండ్లరసం, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఇంకదు. మన ఇళ్లలో సిగరెట్ గుర్తొచ్చేదే కాఫీ తాగగానే. కాబట్టి గమ్ వేసుకునేదీ అప్పుడే. పనిచేయలేదనేదీ అందుకే.

యావ వచ్చినప్పుడు నాలుగైదు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. మొదటి వారం కష్టం, అందులో మొదటి మూడు రోజులు మరీ కష్టం. నాలుగు వారాలకు చాలామందికి తేలికవుతుంది. రోజంతా ఉండే ప్యాచ్‌నూ, యావ వచ్చినప్పుడు వేసుకునే గమ్‌నూ కలిపి వాడితే ఒక్కటి వాడినదానికన్నా ఫలితం మెరుగు. వారెనిక్లిన్ మాత్రను డాక్టర్ రాస్తేనే వాడాలి. కొందరికి వికారం, విచిత్రమైన కలలు వస్తాయి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి బ్యుప్రోపియాన్ పనికిరాదు.

ఆయాసానికి డెరిఫిల్లిన్ వాడేవారున్న ఇళ్లలో ఒక జాగ్రత్త. సిగరెట్ పొగలోని పదార్థాలు లివర్‌ను ఉరకలెత్తించి ఆ మందును త్వరగా ఖర్చు చేసేస్తాయి. సిగరెట్ మానగానే అదే మాత్ర ఒంట్లో ఎక్కువగా నిలుస్తుంది. గుండెదడ, వాంతులు, చేతులు వణకడం మొదలవుతాయి. ‘సిగరెట్ మానితే ఒంటికి పడలేదు’ అని మళ్లీ వెలిగించినవాళ్లు ఉన్నారు. మానే ముందే డాక్టర్‌కు చెబితే మోతాదు సరిచేస్తారు. కాఫీ సంగతీ అంతే. మూడు కప్పులు తాగేవారు ఒకటిన్నరకు దిగడం మంచిది.

ఖర్చు లేకుండా సలహా కావాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356. మీ ఇంట్లోవాళ్లు రోజూ జేబులో పెట్టుకు తిరిగే ఆ పెట్టె మీదే ఈ నంబరు ముద్రించి ఉంటుంది.

అయినా మెషిన్‌కే వెళ్తామంటే..

మందులు సరైన పద్ధతిలో, సరిపడినన్ని వారాలు వాడి కూడా మళ్లీ మొదలుపెట్టినవాళ్లు, మందులు పడనివాళ్లు, ఖర్చు భారం కానివాళ్లు వెళ్లాలనుకుంటే నేను అడ్డుచెప్పను. ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది తలనొప్పి. అరుదుగా మూర్ఛ రావచ్చు. కాబట్టి మూర్ఛ చరిత్ర ఉన్నవారు, తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారు దీని జోలికి పోకూడదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి.

వెళ్లినచోట మొహమాటపడకుండా అడగండి. మీ దగ్గరున్నది ఏ కాయిల్? డిప్రెషన్ చికిత్సకు తెచ్చిన మామూలు ఎనిమిది అంకె కాయిల్‌నే సిగరెట్‌కూ వాడుతుంటే, ఎఫ్‌డీఏ పేరు వాళ్లు చెప్పకూడదు. దానితో చేసిన చిన్న అధ్యయనాలు కొన్ని ఆశాజనకంగా ఉన్నాయి, అది వేరే మాట. ప్రతిసారీ యావ పుట్టించి చేస్తారా, నేరుగా కూర్చోబెట్టి మొదలుపెడతారా? చూసేది సైకియాట్రిస్టా, మెషిన్ నడిపే కుర్రాడేనా? ఆరు నెలల తర్వాత ఎంతమంది మాని ఉన్నారో వాళ్ల దగ్గర లెక్క ఉందా? ‘మా దగ్గర తొంభై శాతం సక్సెస్’ అని జవాబొస్తే లేచి వచ్చేయండి. ప్రపంచంలో ఎవరికీ రాని ఫలితం ఆ గదిలో రాదు.

ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న పరికరాలు ఇంకో రకం. తలకు తడి స్పాంజీలు కట్టి ఒకటి, రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపే టీడీసీఎస్ అది. సిగరెట్ యావను కాసేపు తగ్గిస్తుందని కొన్ని అధ్యయనాలు, ఏమీ చేయదని కొన్ని చెప్పాయి. మానడానికి దానికి ఎఫ్‌డీఏ అనుమతి లేదు. యూట్యూబ్ చూసి బ్యాటరీ, వైర్లతో ఇంట్లో తయారుచేసుకునే కుర్రాళ్లున్నారు. నెత్తి మీద చర్మం కాలిపోతుంది.

మాస్టారి కొడుక్కి ఆ రోజు ఇంత చెప్పలేకపోయాను. ‘ఆ డబ్బు ఆరు నెలలు ముట్టకుండా ఉంచు, ముందు ఇది చూద్దాం’ అన్నాను. ప్యాచ్, గమ్ రాసి, గమ్ ఎలా పెట్టుకోవాలో మాస్టారి చేతే ఒకసారి చేయించాను. ముప్పై ఐదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, మొదటిసారి పలక పట్టినవాడిలా శ్రద్ధగా చేశారు. మూడు వారాల తర్వాత మొన్న ఒంటరిగా వచ్చారు. పెట్టె నుంచి రెండుకు దిగారు. పొద్దున కాఫీ తర్వాత ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి.

‘‘ఆ రెండూ పోవడం లేదు. మెషిన్‌కు వెళ్లమంటారా?’’ అని అడిగారు.

కాఫీని గమ్ తర్వాతకు మార్చమన్నాను. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నాను.